ఇంజను పక్కన పెట్టిన వీణ

పోయిన నెలలో ముమ్మిడివరం దగ్గర ఒక కొబ్బరితోట కొలవడానికి వెళ్ళాను. కొలతగొలుసు లాగుతూ మూడో హద్దురాయి దగ్గరికి వచ్చేసరికి తోటలో ఉన్న పాక వైపు నుంచి ఒక వాసన వచ్చింది. తేనెపట్టు దించి, తేనె పిండుకుని, మిగిలిన మైనాన్ని మట్టిమూకుడులో కరిగిస్తున్నారు. చేతిలో గొలుసు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. తోట యజమాని నా ముఖం చూసి, ఏంటండీ, లెక్క తప్పిందా అని అడిగాడు. తప్పలేదన్నాను. నా లెక్క తప్పిన రోజు ఒకటి ఉంది గాని అది చాలా వెనకటిది, తొంభైల్లో మాట. ఇప్పటికీ నాకు మింగుడుపడని సంగతి ఏమిటంటే, ఆ రోజు నేను వేసిన అంకెల్లో ఒక్కటి కూడా తప్పు లేదు.

అప్పట్లో మా వీధి చివర పెంకుటింట్లో రాజ్యలక్ష్మి గారని ఒకావిడ ఉండేవారు. ఆ పేరుతో అడిగితే మా ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయేవారు. వీణ పంతులమ్మగారు అంటేనే తెలిసేది. నేను ఆవిడ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టేనాటికి ఆవిడకి యాభై అయిదు దాటాయి. భర్త పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎడమచేతి చూపుడువేలి చివర, మధ్యవేలి చివర తీగ కోసిన గాట్లు కాయలు కాచి నల్లగా ఉండేవి. ముప్పై ఏళ్ళపాటు చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ళ ఆడపిల్లలకి ఆవిడే వీణ నేర్పారు. వాళ్ళలో కొందరు అమలాపురంలో, కాకినాడలో, రాజమండ్రిలో సభల్లో కూర్చుని వాయించారు. ఆవిడ మాత్రం ఎన్నడూ వాయించలేదు.

దానికి పెద్ద కథ ఏమీ లేదు. పెళ్ళయిన కొత్తలో మామగారు, ఇంట్లో నేర్పుకుంటే నేర్పుకో గాని పందిట్లో పదిమంది ముందు కూర్చోవడం మనకి పనికిరాదు అన్నారట. ఆయన పోయాక భర్త ఆ మాటని మళ్ళీ అనలేదు, తీసెయ్యనూ లేదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి. శిష్యురాలి కచేరీ ఉంటే ఆవిడ వేదిక ఎక్కి, వీణ ఒళ్ళోకి తీసుకుని, శ్రుతి చేసి, మైకు పెట్టే మనిషి వచ్చేలోపు దిగిపోయి పక్కన తడిక దగ్గర నిలబడేవారు. మా ఊరి ఉత్సవాల్లో రెండుసార్లు చూశాను. ఒకసారి వాచీ పెట్టుకుని చూశాను కూడా. ఆవిడ వేదిక మీద ఉన్నది నాలుగు నిమిషాలు.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అంకెలంటే ఇష్టం ఉండబట్టి పాత ఎక్కాల పుస్తకాలు, ఒక రిటైరైన సర్వేయరు గారి దగ్గర దొరికిన కాగితాలు ముందేసుకుని భూమి కొలవడం సొంతంగా నేర్చుకున్నాను. ఇరవై ఏడేళ్ళ వయసులో ఆవిడ పెరడు కొలవడానికి మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టాను. తూర్పు పక్క పొరుగువాళ్ళ దడి పదకొండు అంగుళాలు లోపలికి జరిగి ఉంది. గొప్పగా ఆ సంగతి చెప్పాను. ఆ పదకొండు అంగుళాల్లో ఏముందని ఆవిడ అడిగారు. కరివేపాకు మొక్క ఉందన్నాను.

“అయితే కోసుకోనియ్యి. వాళ్ళకీ చారు కాచుకోవాలి కదా. నువ్వు కాగితం మీద మాత్రం పదకొండే వెయ్యి, పది వెయ్యకు.”

పొరుగువాళ్ళతో తగువు అక్కర్లేదు, అంకె మాత్రం సరిగ్గా ఉండాలి. అలాంటి మనిషిని అంతకుముందు చూడలేదు. నేను కొలిచిన చోటల్లా జనం తగువు కోసమే అంకె అడిగేవారు.

ఆ రోజే వరండాలో వీణ చూశాను. ఆవిడ తాతగారి వీణ. పనసచెక్కది, మామూలు వీణ కన్నా నాలుగు వేళ్ళు పొడుగు. దాని మీద ఇరవై నాలుగు కంచు మెట్లు ఉంటాయి. వాటిని మేకులు కొట్టి బిగించరు. తేనెమైనంలో దీపం మసి కలిపి, ఆ నల్లటి ముద్దని వీణ పొడుగునా రెండు గట్లుగా పెట్టి, దాని మీద మెట్లు కూర్చోబెడతారు. మెట్టు ఒక వెంట్రుక పక్కకి జరిగితే స్వరం తప్పుతుంది. అలా మెట్లు కూర్చడాన్ని మేళం కట్టడం అంటారు. దానికి వేరే పనివాళ్ళు ఉంటారు గాని ఆవిడ తాతగారి దగ్గర నేర్చుకుని తనే కట్టుకునేవారు.

టేపు తీసి కొలవచ్చా అని అడిగాను. నవ్వి కొలవమన్నారు. మీటే తీగ పొడవు ముప్పై నాలుగు అంగుళాలు. పన్నెండో మెట్టు నుంచి గుర్రం దాకా, అంటే తీగ ఆనే చెక్క దాకా, పదిహేడు. సరిగ్గా సగం. అక్కడ అదే స్వరం పై స్థాయిలో పలుకుతోంది. మిగతా మెట్లు కూడా కొలిస్తే ఒక్కోదానికీ దాని ముందున్న దూరంలో సుమారు పద్దెనిమిదో వంతు తగ్గుతోందని తేలింది. లోకంలో ఎవరికీ తెలియనిది కనిపెట్టానన్నంత సంబరంగా చెప్పాను.

“మా తాతగారికి తెలుసు, తీగకి తెలుసు,” అన్నారావిడ. “ఇవాళ నీకూ తెలిసింది. మంచిదే కదూ.”

ఏడో మెట్టు నా లెక్కకి అర నూలు తేడాగా ఉంది. అంగుళంలో ఎనిమిదో వంతుని మా పనిలో నూలు అంటాం. అదే చెప్పాను. ఆవిడ కాదనలేదు. మైనం కాస్త వేడి చేసి, నేను చెప్పిన చోటికే మెట్టు జరిపి, తీగ మీటి విన్నారు. ఇంకోసారి విన్నారు. మెల్లిగా మళ్ళీ వెనక్కి జరిపారు. “నీ అంకె వీధి దాకా తీసుకొచ్చింది సూరిబాబూ. ఇల్లు ఇదీ,” అన్నారు. ఆ సాయంత్రం నోట్‌బుక్కులో రెండు వరసలు రాసుకున్నాను. ఒక వరస నా లెక్క, రెండో వరస ఆవిడ చెవి చెప్పిన చోటు. ఇరవై నాలుగు మెట్లకీ రాశాను.

ఆ తరవాత రెండేళ్ళు వారానికి ఒకటి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. నేను పాట నేర్చుకోలేదు. నేర్చుకున్నది ఇంకొకటి. ఒక తీగ శ్రుతి చేశాక ఆవిడ ఆ తీగనే మళ్ళీ మళ్ళీ మీటి చూసుకునేవారు కాదు. వేరే తీగ మీద మెట్టు నొక్కి అదే స్వరం పలికించి, రెండూ కలుస్తున్నాయో లేదో చూసేవారు. అలా ఎందుకని అడిగితే, వచ్చిన దారినే మళ్ళీ వెళ్తే చేసిన తప్పు మళ్ళీ చేస్తావు, ఇంకో దారిన వచ్చి చూసుకో అన్నారు. అప్పటిదాకా నేను పొలం చుట్టుకొలతని రెండుసార్లు కొలిచి, రెండూ ఒకటే వచ్చాయని మురిసిపోయేవాణ్ణి. ఆ మర్నాటి నుంచి ఐమూల కూడా, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకి అడ్డంగా, కొలవడం మొదలుపెట్టాను. ఈ చుట్టుపక్కల నా కొలత అంటే రెండు పక్షాలవాళ్ళూ ఒప్పుకుంటారని పేరొచ్చింది. ఆ పేరు అక్కణ్ణించి వచ్చిందే.

మూడో ఏడు చైత్రం ముందు కాకినాడ నుంచి ఒక కార్డు వచ్చింది. శ్రీరామనవమి చలువపందిట్లో పదిరోజులు సంగీతం పెడుతున్నారు. ఎవరో పాత శిష్యురాలు ఆవిడ పేరు చెప్పిందట. సాయంత్రం ఆరు గంటలకి, ముప్పావుగంట. ఆవిడ కార్డు నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. గట్టిగా చదవమన్నారు. “వీణ, శ్రీమతి రాజ్యలక్ష్మి గారు” అని ఉన్న చోట ఆగమని చెయ్యి చూపించి లోపలికి వెళ్ళిపోయారు. వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉన్నారు.

ఆ రోజు నుంచి నలభై రోజులు తెల్లవారకముందే లేచి తోడి రాగం సాధన చేశారు. అది తీగని గట్టిగా పక్కకి లాగి వాయించాల్సిన రాగం. వేళ్ళలో బలం ఉండాలి. వీధిలో పాలు పోసే మనిషి కూడా ఆవిడ గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగి వెళ్ళేవాడు.

వీణ కావాలంటే అక్కడే ఏర్పాటు చేస్తామని కార్డులో రాశారు. ఆవిడ ఒప్పుకోలేదు. పొడుగు వీణకి అలవాటైన చెయ్యి పొట్టి వీణ మీద ప్రతి మెట్టూ దాటిపోతుందన్నారు. అంచేత తాతగారి వీణ కాకినాడ చేరాలి. అప్పటికి ఎదుర్లంక దగ్గర గోదావరి మీద వంతెన రాలేదు. మా ఊరి నుంచి రిక్షా, మెయిన్ రోడ్డు మీద బస్సు, ఎదుర్లంక రేవులో నది దాటించే పంటు, అవతల యానాం నుంచి మళ్ళీ బస్సు, కాకినాడలో ఇంకో రిక్షా. నువ్వు తోడు రావాలయ్యా అన్నారు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానంటే, వారం ముందే ఒక కాగితం తయారుచేశాను. ఏ బస్సు ఎన్నింటికి, పంటు ఎంతసేపు, వీణని ఎన్నిసార్లు ఎత్తాలి, ఎన్నిసార్లు దించాలి. మొత్తం పద్నాలుగు సార్లు. బస్టాండుకి వెళ్ళి బస్సు తలుపు వెడల్పు కూడా కొలిచి వచ్చాను.

వీణని పాత నూలుచీరల్లో చుట్టి, దాని మీద బొంత చుట్టి, మూడు చోట్ల నవారు కట్టాం. కింద ఉండే సొరబుర్ర ఊడదీసి బుట్టలో పెట్టుకుని ఆవిడ ఒళ్ళో ఉంచుకున్నారు. మొదటి బస్సులో కండక్టరు ఆ మూట చూసి గొంతు తగ్గించి, ఎవరికండీ బాగోలేదు అని అడిగాడు. వీణ అని చెప్పేసరికి ముఖం మారింది.

“మనిషి కానప్పుడు సీటెందుకండీ? పైన టాపు మీద వేసెయ్యండి. లేదంటే టిక్కెట్టు తియ్యాలి.”

“తీస్తాం బాబూ,” అన్నారావిడ. “మా తాతగారి కంటే పెద్దది. అర టిక్కెట్టు కుదరదు, నిండు టిక్కెట్టే కొట్టు.”

ముందు సీట్లోవాళ్ళు నవ్వారు. కండక్టరు కూడా నవ్వి టిక్కెట్టు కొట్టకుండానే వెళ్ళిపోయాడు. ఎదుర్లంక దాకా వీణ సీటు మీదే ప్రయాణం చేసింది.

పంటు మీద సైకిళ్ళు, రెండు మేకలు, ఒక జీపు, కొబ్బరికాయల బస్తాలు. ఆవిడ ఒక బస్తా మీద కూర్చుని మూటని అడ్డంగా ఒళ్ళో పెట్టుకున్నారు. నది మీద గాలి చల్లగా ఉంది. సగం దూరం వెళ్ళాక అటు ఒడ్డు వైపు చూస్తూ అన్నారు.

“శ్రుతి చేసి దిగిపోవడం ఒంటికి అలవాటైపోయింది సూరిబాబూ. ఇవాళ దిగక్కర్లేదు. అదే కాస్త భయంగా ఉంది.”

ఇప్పటికి ఎనిమిది ఎత్తుదింపులు అయ్యాయని, ఇంక ఆరే ఉన్నాయని చెప్పాను. ఆవిడ తల ఊపారు.

యానాంలో బస్సు కిటకిటలాడుతోంది. సీటు ఒక్కటే దొరికింది, ఆడవాళ్ళ వైపు వెనగ్గా. ఆవిడని బుట్టతో అక్కడ కూర్చోబెట్టాను. వీణకి చోటు చూడాలి. నేను ముందే లెక్క వేసి ఉంచాను. బస్సులో వెనక చక్రాల మీద కుదుపు ఎక్కువ, మధ్యలో కొంత తక్కువ, డ్రైవరు పక్కన అన్నిటికంటే తక్కువ. డ్రైవరుని బతిమాలి ఇంజను పెట్టె పక్కన నిలబెట్టాను. జనం తోసుకుంటున్నారు, బుట్టలు, మోకాళ్ళు తగులుతాయి. అందుకని వీణ వీపుని జనం వైపు తిప్పి, మెట్లున్న ముఖాన్ని ఇంజను పెట్టెకి ఆనించాను. మధ్యలో నా తువ్వాలు మడతపెట్టి ఉంచాను. పక్కనే నిలబడి దారంతా వీణ వీపు మీద చెయ్యి వేసే ఉన్నాను. ఒక్క దెబ్బ తగలనివ్వలేదు. వెనకనుంచి ఆవిడ ఎక్కడ పెట్టావని అడిగించారు. కుదుపు లేని చోట పెట్టానని కబురు పంపాను.

మైనం కరుగుతుందని నాకు తెలియక కాదు. ఆవిడ వేడి చేస్తుంటే ఎన్నోసార్లు చూశాను. కాని నేను దెబ్బలు లెక్కపెడుతున్నాను. నా కాగితంలో వేడికి గడి లేదు.

పందిరి పక్కనే ఉన్న బడిలో ఒక గది మాకిచ్చారు. మూడున్నరకి బొంత విప్పాం. రెండో చీర తీసేసరికే మైనం వాసన గుప్పుమంది. మధ్యలో గట్లు మెత్తబడి కుంగిపోయి, మెట్లు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి. పోయాయి, పదమూడు పోయాయి అన్నాను.

ఈలోగా కమిటీ పెద్దమనిషి వచ్చారు. చెడ్డవారు కాదు, చూసి నిజంగానే నొచ్చుకున్నారు. ఎలా జరిగిందమ్మా అని అడిగితే ఆవిడ, ఎండలో ప్రయాణం కదండీ అన్నారు. నా వైపు చూడలేదు. ఆయన, పరవాలేదు, మీ శిష్యురాలు ఈ ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళ వీణ తెప్పిస్తాను, ఆవిడ వాయిస్తారు, మీరు పెద్దవారు పక్కనుండి శ్రుతి చేసి పెట్టండి చాలు అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆయనకేం తెలుసు.

ఆవిడ వీణ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఆ గదిలో నల్లబల్ల మీద ఎవరో పిల్లలు వేసిన కూడికలు ఉన్నాయి, నేను వాటికేసే చూస్తున్నాను. తరవాత నన్ను పిలిచారు.

“పోయినవి కాదయ్యా, ఉన్నవి చెప్పు. ఏవేవి గట్టిగా ఉన్నాయో వరసగా చెప్పు.”

వేలితో తాకి చూశాను. మొదటి మూడు కదల్లేదు. నాలుగు నుంచి పదహారు దాకా పోయాయి. పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా గట్టిగా ఉన్నాయి. పదకొండు ఉన్నాయన్నాను. నీ పుస్తకం తెచ్చావా అన్నారు. చొక్కా జేబులోనే ఉంది. కమిటీ ఆయన వైపు తిరిగి, ఒక గంట ఆగి చెబుతానండీ, ఈలోగా కాస్త ఐసు తెప్పించండి అన్నారు.

సోడా కొట్టు నుంచి ఐసుగడ్డ వచ్చింది. నేను పుస్తకంలో రెండో వరస చదివి, టేపు పెట్టి చోటు చూపిస్తే, ఆవిడ మెట్టుని మెత్తటి మైనంలో నొక్కి, మీటి, విని, జరిపి, మళ్ళీ మీటేవారు. కుదిరాక నేను ఐసు కట్టిన తడిగుడ్డ అద్ది పట్టుకునేవాణ్ణి. మొదటి మెట్టుకి పదహారు నిమిషాలు పట్టింది. మైనం బిగియడానికి చివర అరగంట వదలాలి. శ్రుతికి పావుగంట. మిగిలిన సమయాన్ని పదహారుతో భాగించి, మొత్తం ఆరు మెట్లు కట్టగలమండీ, ఏడోది కుదరదు అన్నాను. పోయినవాటిలో తోడికి ఏడు కావాలి. అయినా ఏడు కుదిరినా లాభం లేదన్నారు ఆవిడ. ఆ రాగానికి తీగ లాగే లాగుడికి పచ్చి మైనం ఆగదు.

వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నారు. ఆవిడ లెక్కపెట్టడం నేను చూడడం అదే మొదలు.

“మోహన రాగానికి ఐదు స్వరాలే. పోయినవాటిలో దానికి కావాల్సినవి నాలుగు, ఏడు, తొమ్మిది, పన్నెండు, పద్నాలుగు, పదహారు. ఎన్నయ్యాయి?”

ఆరండీ అన్నాను.

అప్పటికి కట్టింది నాలుగోదే. మిగతా అయిదూ కట్టాం. అక్కర్లేని ఏడు మెట్లు ఊడదీసి నా తువ్వాల్లో మూటగట్టాను. వీణ మధ్యలో పళ్ళూడిన నోరులా అయింది. నలభై రోజుల తోడిని అలా ఆ గదిలో వదిలేశారు. దాని గురించి ఆ రోజు గాని తరవాత గాని ఒక్క మాట అనలేదు.

ఆరు దాటి అయిదు నిమిషాలకి వేదిక ఎక్కారు. ముందు వరసల్లో పాతికమందో ముప్పైమందో ఉంటారు, వెనక పానకం దగ్గర ఇంకొందరు. నేను పక్కన తడిక దగ్గర నిలబడ్డాను. ఆవిడ శ్రుతి చేశారు. నాలుగు నిమిషాలు పట్టింది. మైకు మనిషి వస్తుంటే ఆవిడ వీణని ఒళ్ళోంచి కొంచెం ఎత్తి, ఒక మోకాలు లేపారు. ఒంటికి ఉన్న అలవాటు అది. మృదంగం వాయించే ముసలాయన, ఆవిడకి కొంగు చిక్కుకుందనుకున్నారో ఏమో, “కూర్చోండమ్మా, మీదేగా,” అన్నారు. ఆవిడ ఆయన వంక చూసి మళ్ళీ సర్దుకుని కూర్చున్నారు.

మోహన గురించి రాసేంత సంగీతం నాకు రాదు. నేను మెట్లనే చూస్తున్నాను. ఇరవై నిమిషాలు గడిచాక పదహారో మెట్టు కదిలింది. వెంట్రుకవాసి. ఆవిడ దాని మీదికి వెళ్ళి ఒక్కసారి మీటారు, అంతే, మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ ముందున్న పద్నాలుగో మెట్టు మీద తీగని మెల్లిగా పక్కకి లాగి అక్కడికి చేరుకున్నారు. చివరిదాకా పదకొండుసార్లు అలా చేశారు. వింటున్నవాళ్ళలో ఒకాయన కళ్ళు మూసుకుని తల ఊపుతూ, ఆ జారుడు చూశారా, పాతకాలపు బాణీ అని పక్కాయనతో అన్నారు. ఆవిడ పాట ఆపి చేతులు జోడించేసరికి ఆరూ నలభై ఎనిమిది.

ఆ రాత్రి శిష్యురాలి ఇంట్లో ఉండి, మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. యానాం బస్సులో వీణని నా ఒళ్ళోనే అడ్డంగా పెట్టుకున్నాను. తప్పు నాదని చెప్పాలని దారంతా అనుకున్నాను. మాటలు కూడా కూర్చుకున్నాను. పంటు ఎక్కాక ఆవిడే అడిగారు.

“నిన్న ఇంజను పక్కన పెట్టావు కదూ?”

అవునన్నాను. ఎప్పుడు తెలిసిందండీ అని అడిగాను. బస్సు దిగేటప్పుడు మూట పట్టుకుంటే బొంత పెనంలా ఉందన్నారు. అంటే కాకినాడ బస్టాండు నుంచి బడి దాకా రిక్షాలో ఇరవై నిమిషాలు ఆవిడకి తెలుసు. నాతో ఎండ గురించి, రోడ్డు గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

“అప్పుడే అనకూడదాండీ?”

“అంటే నీ చేతులు వణికేవి. నాకు వాటితో పని ఉంది.”

క్షమాపణ చెప్పాల్సిన చోట నది నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఆ తరవాత ఆవిడ ఇంకో తొమ్మిదేళ్ళు బతికారు. మరో అయిదు చోట్ల పిలిస్తే వెళ్ళి వాయించారు, ఒక చోట తోడి కూడా. ఆ అయిదుసార్లూ వీణని నేనే మోశాను. కాని ఆ రోజు చెప్పాల్సిన ఆ మాట మాత్రం చెప్పలేదు. ఆవిడకి అది అక్కర్లేదు. నాకు అవసరమని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు పనిచేస్తున్నారు. మొన్న శనివారం చెరువుగట్టు దగ్గర ఒక పొలం పంపకంలో, నలభై ఏళ్ళవాడు, నా దగ్గర పదేళ్ళుగా ఉన్నవాడు, టేపు మీద అంకె తప్పు చదివి రెండో రాయి అడుగు అవతల పాతించేశాడు. పంచుకునే అన్నదమ్ములు రెండు పక్కలా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఐమూల పట్టేసరికి తప్పు నాకు తెలిసింది. అతను నా ముఖంలోకి చూశాడు. ఏదో తేడా వచ్చిందని అతనికీ అనుమానం వచ్చినట్టుంది. అన్నదమ్ముల్లో పెద్దాయన, ఏంటండీ ఆగారు అని అడిగాడు. ఎండ కదండీ, కాసిని మంచినీళ్ళు తెప్పించండి అన్నాను. అవి వచ్చేలోపు రెండో రాయి పీకించి, నేనే టేపు పట్టుకుని, సరైన చోట పాతించాను. ఇంకా మూడు రాళ్ళు పాతాలి. గడ్డపార అతని చేతికిచ్చి, పద అన్నాను.